నల్ల కోటు మీద పత్తి

చిలకలూరిపేటలో బస్సు దిగి నడుస్తుంటే హైవే పక్కన కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించాడు. పైన శ్రద్ధాంజలి అనీ, కింద పెద్దకర్మ ఆదివారం స్వగ్రామంలో అనీ రాసి ఉంది. నేను ముందు చూసింది ఆ అక్షరాలు కాదు, కోటు. బతికున్న రోజుల్లో ఆయన కోటు తొడగగా నేను చూడలేదు. పొట్టిచేతుల చొక్కా, ముదురు రంగు ప్యాంటు, అంతే. ఫ్లెక్సీలు వేసేవాళ్ళు పోయినవాళ్ళందరికీ తొడిగినట్టే ఆయనకీ కంప్యూటర్లో ఒక నల్ల కోటు తొడిగారు. మెడ దగ్గర సరిగా అతకలేదు.

నాకు నవ్వు వచ్చింది. వెంటనే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. నల్ల కోటు తొడుక్కున్నవాణ్ణి నేను, తొడిగించినవాడు ఆయన. అది తలుచుకుంటే కోపం రావాలి. కోపం రాలేదు, ఏం వచ్చిందో కూడా తెలియలేదు. కాసేపు ఆ స్తంభం కిందే నిలబడి, ఆదివారం వెళ్ళాలా వద్దా అని ఆలోచించాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా ఇంటి పేరూ రాయను. పేటలో ఇంకా గుర్తుపట్టేవాళ్ళు కొందరున్నారు. మా తాతగారికి ఇక్కడ జిన్నింగు మిల్లు ఉండేది. పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్ళు కట్టే మిల్లు. మా మార్కా ఉన్న బేళ్ళని నూలు మిల్లులవాళ్ళు విప్పి చూడకుండానే దించుకునేవారని చెబుతారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అది మూతపడింది. ఎలా మూతపడిందో చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఇప్పుడు ఆ స్థలంలో లారీలు ఆపుకుంటున్నారు.

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అరుగు మీద ఒక కాలు పెట్టి నిలబడే మాట్లాడాడు. టాంజానియాలో కొత్తగా జిన్నింగు మిల్లు పెడుతున్నాననీ, అక్కడా మనలాంటి నల్లరేగడేననీ, మిషన్లు అప్పుడే ఓడెక్కాయనీ చెప్పాడు. హైదరాబాదులో ఏదో సెమినారుకి వెళ్ళి వచ్చాడట. అక్కడ విన్న మాట ఒకటి ఆయన నోటికి అంటుకుపోయింది.

"ఇది కంపెనీ కాదండి, స్టార్టప్పు. ఆరుగురం పోతాం. ఎవరికి వాళ్ళు ఓనరు అనుకుని పనిజెయ్యాలి. మీరు పింజ చూసి చెబితే చాలు. చూస్తారుగా?"

పింజ అంటే దూది పోగు పొడుగు. చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, మళ్ళీ కలిపి మళ్ళీ లాగి, పోగులన్నీ ఒక వరసకి వచ్చాక నల్లటి గుడ్డ మీద పరిచి, ఎన్ని మిల్లీమీటర్లో కంటితో చెప్పాలి. ఇరవై ఎనిమిది అంటే మంచి సరుకు. ఇరవై ఐదు అంటే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మా తాతగారు నడుస్తూ నడుస్తూనే చెప్పేవారట.

నాకు అది రాదు. దుమ్మని తాతగారు పిల్లల్ని మిల్లులోకి రానిచ్చేవారు కాదు. మిల్లు గురించి నాకు తెలిసిందల్లా గోడ అవతలి నుంచి వినిపించే చప్పుడు. కానీ ఆయన అడిగిన తీరుకి నా నడుం దానంతటదే నిటారుగా అయింది.

"ఈ ఇంట్లో పుట్టినవాణ్ణి అడగవలసిన మాటేనా అది?" అన్నాను.

"తప్పయిందండి," అన్నాడు ఆయన. నిజంగానే ఏదో తప్పు చేసినవాడిలా కాలు అరుగు మీంచి దించాడు.

వస్తుందని నేను చెప్పలేదు. అందుకని అబద్ధమాడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. బయల్దేరేలోపు నేర్చుకోవచ్చనుకున్నాను కూడా. కానీ పేటలో ఏ మిల్లు గేటు దగ్గరికి వెళ్ళి, ఎవరి మనవణ్ణో చెప్పి, పింజ చూడటం నేర్పమని అడగను?

టాంజానియా చేరిన మూడో రోజున ఆయన నన్ను సంతకి తీసుకెళ్ళాడు. తెల్లవాళ్ళు తొడిగి వదిలేసిన బట్టలు కుప్పలు పోసి అమ్మే సంత అది. ఒక నల్ల కోటు తీసి, దులిపి, నా భుజాల మీద పెట్టి చూశాడు. మా ఇంట్లో ఎవరూ ఒకరు విడిచిన బట్ట కట్టలేదు. ఆ మాట అనబోతే ఆయన కోటు చేతిని వేలితో రుద్దుతూ, "దీని మీద పింజ బాగా కనపడుద్ది," అన్నాడు.

అప్పటినుంచి రోజూ పత్తి లోడు వచ్చినప్పుడల్లా నాకు కోటు తొడిగి తన పక్కన నిలబెట్టుకునేవాడు. దూది తీసి, లాగి, దువ్వి, నా ఎడమ ముంజేతి మీద పరిచేవాడు. ఆ లాగడం ఎంతో అందంగా ఉండేది. వేళ్ళు పొడుగ్గా ఉండేవి, చిటికెన వేలు పైకి లేచి ఉండేది. పరిచాక రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "ఊఁ?" అనేవాడు.

నేను దూది వైపు చూస్తున్నట్టు తల వంచి, కళ్ళెత్తి ఆయన మొహం చూసేవాణ్ణి. జవాబు అక్కడేదో ఉంటుందని నా ఆశ. "ఇరవై ఏడు," అనేవాణ్ణి.

"ఖాయమేనా?"

ఆ గొంతులో నాకు వల కనిపించేది. "ఇరవై ఎనిమిది అనుకోవచ్చు."

"ఒకసారి ఒకటి, ఒకసారి ఒకటి. మీ తాతగారు ఇట్టాగే చెప్పేవారా బాబుగారూ?"

మిగతా నలుగురినీ ఆయన నువ్వు అని తిట్టేవాడు. నన్ను మాత్రం మీరు అనీ, బాబుగారూ అనీ తిట్టేవాడు. నువ్వు అని తిట్టించుకోవడమే తేలికని నాకు అనిపించేది. నేను పింజ పరిచే బల్లననీ, పడిపోయిన ఇంటివాణ్ణి అలా చెయ్యి చాపించి నిలబెట్టడం ఆయనకి సరదా అనీ అనుకున్నాను. రాదని ఆయనకి మొదటిరోజే తెలిసిపోయిందనీ, తెలిసీ రోజూ ఆడిస్తున్నాడనీ అనుకున్నాను. చెయ్యి చాపి నిలబడ్డ ఆ కాసేపూ తాతగారు గోడ అవతల నిలబడి వింటున్నట్టుండేది.

తిట్టే ముందు ఆయన వాచీ తీసి బల్ల మీద పెట్టేవాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. పట్టీ విప్పుతుంటేనే అందరం చేతిలో పని ఆపేసేవాళ్ళం.

"వాచీ తీశాడు రోయ్," అనేవాడు శేషగిరి నోరు కదపకుండా. ఆఫీసు పనంతా చూసేవాడు అతను. "ఇవాళ ఎవుడికి మూడిందో."

ఆఫీసులో కుర్చీలు లేవు. ఉన్న నాలుగూ రెండో నెలలో గోడౌన్లో పడేయించాడు. స్టార్టప్పులో కూర్చోకూడదట. పొద్దున ఆరింటికల్లా తెల్లబోర్డు ముందు నిలబడి, నిన్న ఏం చేశామో, ఇవాళ ఏం చేస్తామో ఒక్కొక్కరం చెప్పాలి. శేషగిరి వాళ్ళ అక్క పెళ్ళికి సెలవు అడిగితే, "పెళ్ళికూతురు మీ అక్కా, నువ్వా?" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. శేషగిరికి సెలవు దొరకలేదు. పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉండేవి, ఇంటి నుంచి తెచ్చిన కారం డబ్బా పక్కనే.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ డబ్బా బయటికి వచ్చేది. ఆయనే వండేవాడు. పచ్చిపులుసు, కందిపొడి, ఏదో ఒక వేపుడు. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి వంగి వడ్డించేవాడు. చాలంటే వినేవాడు కాదు. "తినవయ్యా, నువ్వేవన్నా పెళ్ళిచూపులకొచ్చావా?" అని కోటయ్య కంచంలో ఇంకో ముద్ద వేసేవాడు. తను మాత్రం అందరం లేచాక వంటింట్లో నిలబడి తినేవాడు. సోమవారం ఆరింటికి మళ్ళీ వాచీ తీసేవాడు.

నాకు మలేరియా వచ్చినప్పటి సంగతి ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేను. మూడు రోజులు తల ఎత్తలేదు. ఆయన పొద్దునా సాయంత్రమూ జావ కాచి తెచ్చి, తల కింద చెయ్యి పెట్టి చెంచాతో తాగించాడు. మా అమ్మ తర్వాత నాకు అలా తాగించినవాళ్ళు లేరు. మూడో రోజున నాకు కప్పడానికి కొత్త దుప్పటి తెచ్చాడు. నల్లది. జావ గిన్నె కింద పెట్టి, జేబులోంచి దూది తీసి, లాగి, నా రొమ్ము మీద దుప్పటి పైన పరిచాడు.

"ఊఁ?"

జ్వరంలో నాకు రెండు పింజలు కనిపించాయి. ఏదో అంకె చెప్పాను. ఆయన తల ఊపి, నా మూతి తుడిచి వెళ్ళిపోయాడు.

ఇక కోటయ్య. మిషన్లు చూసుకునే ఫిట్టరు. అప్పటికే ఏభై దాటినవాడు. కుర్రతనంలో మా తాతగారి మిల్లులో పని మొదలుపెట్టి, తర్వాత పేట మిల్లులన్నీ తిరిగాడు. నన్ను చూసిన మొదటి రోజే చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టాడు. ఒకసారి లోడు దిగుతుంటే ఆయన నా చేతి మీద పింజ పరిచినప్పుడు, కోటయ్య చొక్కా జేబులోంచి చిన్న స్టీలు స్కేలు తీశాడు. ఆయన దాన్ని లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరాడు.

"జిన్నింగింటి మనిషి ఎదురుగా ఉంటే స్కేలెందుకయ్యా నీకు? సిగ్గులేదూ?"

నాకు ఒక పక్క గర్వంగా అనిపించింది. ఇంకో పక్క ఆ స్కేలు ఎక్కడ పడిందో కళ్ళతో వెతుక్కున్నాను.

మేమిద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్ళం. కోటయ్య మంచం నాలుగు అడుగుల దూరంలో ఉండేది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. మా తాతగారి దగ్గర కూలికి చేరినవాణ్ణి, మా తాతగారి విద్య నాకు నేర్పమని ఎలా అడగాలో నాకు తెలియలేదు.

మొదటి సీజను బాగానే గడిచింది. ఆ చుట్టుపక్కల పండేది ఒకటే రకం పత్తి, ఇరవై ఎనిమిది అంటే పెద్దగా తప్పు పోదు. అది నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో మాత్రం నా నోటికి ఏదో వస్తున్నదనీ, రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుందనీ లోలోపల నమ్మడం మొదలుపెట్టాను.

రెండో సీజను చివర్లో వానలు ముందే పడ్డాయి. ఎక్కడో దూరం ఊళ్ళ నుంచి సరుకు వచ్చింది. కోటయ్య ఒక గుప్పెడు తీసి లాగి చూసి, "ఇది పొట్టి పింజండి. ఇరవై ఐదు దాటదు. పాత సరుకులో కలపమాకండి," అన్నాడు.

ఆయనా ఒక చిటికెడు తీసి, లాగి, నా కోటు మీద పరిచాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ రోజు "ఊఁ" అని కూడా అనలేదు, చూస్తూ నిలబడ్డాడు.

నేను ఆయన మొహం చూశాను. ఓడ తేదీ దగ్గరపడింది, బేళ్ళు తక్కువ పడుతున్నాయి. ఆయనకి ఏ అంకె కావాలో ఆ మొహంలో స్పష్టంగా ఉందనుకున్నాను.

"ఇరవై ఎనిమిది," అన్నాను.

"ఖాయమేనా?"

ఈసారి మార్చకూడదని గట్టిగా అనుకున్నాను. "ఖాయమే."

సరుకు కలిపారు. బేళ్ళు ఓడెక్కి మన వైపు నూలు మిల్లుకే వచ్చాయి. రెండు నెలల తర్వాత ఫ్యాక్సు వచ్చింది. ల్యాబులో పరీక్ష చేయించారట, సగం బేళ్ళలో పింజ ఇరవై ఐదు. సరుకు దించుకునేది లేదన్నారు.

పొద్దున ఆరింటి మీటింగులో ఆయన వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. తిట్టింది కోటయ్యని. మంచి సరుకని తేలాక మిషను దగ్గర చెత్త కలిపింది నువ్వేనన్నాడు. బయటివాళ్ళతో లాలూచీ పడ్డావన్నాడు. ముప్ఫై ఏళ్ళు మిల్లుల్లో ఉన్న మనిషిని ఏమేం అనకూడదో అవన్నీ అన్నాడు.

కోటయ్య గొంతు పెంచలేదు. "నేను ముందే చెప్పానండి పొట్టి పింజ అని. బాబుగారు ఉన్నారుగా, ఆయన్నే చెప్పమనండి," అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. మిగతావాళ్ళు నేల చూశారు.

నాకు తెలియదు అని ఒక్క మాట. అంతే కావలసింది. ఆ మాట గొంతు దాకా వచ్చిందని కూడా చెప్పలేను. నా నడుం నిటారుగా అయింది.

"నేను చూసినప్పుడు ఇరవై ఎనిమిదే," అన్నాను.

మర్నాడు పొద్దున కోటయ్యని ఇంటికి పంపేస్తూ ఎయిర్‌పోర్టుకి పోయే బస్సెక్కించారు. దింపడానికి ఆయనే స్వయంగా వెళ్ళాడు. అది కూడా నాకు అర్థం కాలేదు. తిరిగొచ్చి ఆ రోజంతా ఎవరినీ ఏమీ అనలేదు. ఆదివారం కాకపోయినా వంట చేశాడు.

ఇంకో సీజనుకి కంపెనీ మూతపడింది. మా పాస్‌పోర్టులు ఒక్కొక్కరికీ రెండు చేతులతో ఇచ్చాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, "కోటు కంపెనీది బాబుగారూ," అని చెయ్యి చాపాడు. విప్పి ఇచ్చాను. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఆదివారం నాడు వెళ్ళాను. సత్తెనపల్లి నుంచి లోపలికి ఆటోలో పోవాలి. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన చూరు కింద పంచలో పోసిన పత్తి. ఫోటోకి దణ్ణం పెట్టుకున్నాను. అందులో కోటు లేదు, మామూలు చొక్కాయే. ఏం అనుకుంటూ దణ్ణం పెట్టాలో తెలియక కాసేపు చేతులు అలాగే ఉంచాను. వెనక్కి తిరిగితే కోటయ్య. జుట్టు పూర్తిగా నెరిసింది.

"బాబుగారూ, బాగున్నారా? వస్తారనుకోలా."

"నువ్వు వస్తావని నేనూ అనుకోలేదు కోటయ్యా."

"నాకాయన మీద కోపమేం లేదండి. పాపం, ఆయనకేం తెలుసని."

"అంటే?"

"మీకు తెలియందేముంది. ఆయన బేరింగులూ బెల్టులూ అమ్ముకునే మనిషిగదండి మొదట్లో. మిల్లు మిల్లూ తిరిగి, మాలాంటోళ్ళు లాగుతుంటే చూసి ఆ లాగడం నేర్చుకున్నాడు. లాగడమైతే ఒచ్చింది, చూడటం రాలా. అందుకేగా మీ చెయ్యి మీద పరిచేది. మీరు అంకె చెప్పిందాకా ఊపిరి బిగబట్టుకునేవోడు."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటున్నది. ఇన్నేళ్ళూ నేను చదువుతున్నాననుకున్న ఆ మొహంలో ఏమీ రాసి లేదన్నమాట. ఆయన నా మొహం చూస్తున్నాడు, నేను ఆయన మొహం చూస్తున్నాను, మధ్యలో దూది ఉంది.

"నీకెలా తెలుసు?" అన్నాను చివరికి.

"ఆయనే చెప్పాడండి. నన్ను బస్సెక్కించేటప్పుడు. కిటికీ కాడ నిలబడి, 'కోటయ్యా, నాకు తెలియదు, బాబుగారికి తెలుసు. తెలిసినాయన ఖాయమని చెప్పినాక నీ మాట ఎట్టా వినేదయ్యా?' అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా." కోటయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఆయన సంగతి అర్థమయింది బాబుగారూ. మీ సంగతే ఇన్నాళ్ళూ అర్థం కాలా. తెలిసి తెలిసి మీరెందుకట్టా చెప్పారా అని."

అతను నిష్ఠూరంగా అడగలేదు. లెక్క తేలని పిల్లవాడిలా అడిగాడు. అతని దృష్టిలో నేను ఇన్నాళ్ళూ కావాలని అబద్ధం చెప్పి ఒక మనిషి పొట్ట కొట్టినవాణ్ణి. దాని నుంచి బయటపడటానికి ఒకటే మాట ఉంది. ఆ మాట అంటే మా ఇంటికి పేటలో మిగిలిన ఆ కాస్త కూడా పోతుంది.

"నాకు తెలియదు కోటయ్యా," అన్నాను. "నాకు పింజ చూడటం రాదు. ఎప్పుడూ రాదు. ఆయన మొహం చూసి చెప్పేవాణ్ణి."

కోటయ్య చిన్నగా నవ్వాడు.

"ఊరుకోండి బాబుగారూ. పోయినాయన మీద తప్పు పడగూడదని మీరు నెత్తినేసుకుంటన్నారు. మీ తాతగారూ అంతే."

"కాదయ్యా, నిజంగా రాదు."

అతను పంచ దగ్గరికి వెళ్ళి చిటికెడు పత్తి తీశాడు. గింజ తీసేసి, లాగి, దువ్వి, తన నల్లటి ముంజేతి మీద పరిచి నా ముందు చాపాడు. "ఇదెంతో చెప్పండి."

వంగి చూశాను. ఈసారి మొహం చూడలేదు, దూదినే చూశాను. తెల్లగా ఉంది.

"తెలియదు," అన్నాను.

"చెప్పరు," అన్నాడు కోటయ్య మెచ్చుకోలుగా. "చావింటో సరుకు చూసి పింజ చెప్పగూడదని. ఆ పట్టింపు ఇప్పుడెవరికుంది." ఆ దూది తీసి నా చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నవాళ్ళ వైపు తిరిగాడు. "ఏవయ్యా, ఈయనెవరో ఎరుగుదురా? పేటలో పాత మిల్లుగారి మనవడు. చెయ్యి మీద పెడితే అంకె చెప్పేస్తారు. లేవండి, లేవండి."

నలుగురు లేచారు. ఒకాయన కండువాతో తుడిచి మరీ కుర్చీ ముందుకు జరిపాడు. నేను ఏదో అనబోయాను, అప్పటికే విస్తళ్ళు వేస్తున్నారు. కూర్చున్నాను.

ఇంటికి వచ్చి చొక్కా విప్పుతుంటే ఆ దూది జేబులో దొరికింది. బల్ల మీద నల్ల అట్టపుస్తకం పెట్టి, దాని మీద పరిచి, పక్కన స్కేలు ఆనించాను. పోగులు రెండు కొసల దగ్గరా పలచబడుతూ పోయాయి. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడి దాకా కొలవాలో నాకు తెలియలేదు.